ఆదివారం నిండిన చెరువు సోమవారం పొలానికి చేరుతోందా?



ఓ.పి. బల్లల మీద కూర్చున్నవారితో, వార్డుల్లో ప్రార్థన కోసం ఆగినప్పుడు మంచం పట్టినవారితో మాట్లాడుతుంటే మాకు తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఆదివారం గుడిలో ఉన్నప్పుడు మనసు బాగుంటుందండీ. సోమవారం పొద్దున్న లేచేసరికి ఏమీ మిగలదు." ఇది చెప్పేవారిలో యవ్వనస్థులున్నారు, ముసలివారున్నారు, సంఘ పెద్దలు కూడా ఉన్నారు. కాబట్టి ఇది ఒకరిద్దరి బలహీనత కాదు. మనందరి ఇండ్లలో ఉన్న సమస్యే.

మన వైరా రిజర్వాయరును చూడండి. నిజాం కాలంలో కట్టిన ఆ చెరువు నిండితే చుట్టుపక్కల రైతులందరికీ సంతోషమే. అయితే చెరువు నిండినంత మాత్రాన పంట పండదు. తూము తీయాలి, కాలువలో పూడిక లేకుండా చూసుకోవాలి, పిల్ల కాలువ దాకా నీరు నడవాలి. కాలువ బాగు చేయకపోతే చెరువులో ఎంత నీరున్నా చివరి మడికి చుక్క అందదు. మన ఆత్మీయ జీవితం కూడా ఇలాగే ఉంటుంది. ఆదివారం ఆరాధనలో మనసు నిండుతుంది. ఆ నిండుదనం సోమవారం వంటింటికి, మంగళవారం పొలానికి, బుధవారం సంతకు చేరాలంటే మధ్యలో ఒక కాలువ ఉండాలి. ఆ కాలువ పేరే ప్రతిదిన అలవాటు.

మిరప ఏరే రోజుల్లో శ్రమకాలం

మన ప్రాంతంలో ఈ విషయం బాగా తెలిసేది శ్రమకాల దినాల్లోనే. భస్మ బుధవారం ఫిబ్రవరిలో గాని మార్చి మొదట్లో గాని వస్తుంది. సరిగ్గా అదే సమయంలో ఖమ్మం జిల్లా అంతటా మిరప ఏరుతుంటారు. తెల్లవారకముందే వంట చేసి, సద్ది కట్టుకుని, ముఠాతో కలిసి ఆటో ఎక్కితే మళ్లీ ఇంటికి చేరేది పొద్దుగూకిన తరువాతే. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి పల్లెల నుండి కుటుంబాలతో సహా వచ్చి, చేల దగ్గరే గుడారాలు వేసుకుని ఏరేవారు కూడా ఉంటారు. కారం ఘాటుకు చేతులు మండుతాయి, కళ్లు నీరు కారుతాయి, నడుము విరుగుతుంది. రైతుకైతే కల్లంలో ఉన్న కాయ గురించి, మార్కెట్టు ధర గురించి, మబ్బు పడితే తడుస్తుందేమోనని దిగులు.

ఇలాంటి రోజున రాత్రి ఎనిమిది గంటలకు ఇంటికి వచ్చిన తల్లిని పట్టుకుని "నీవు గంటసేపు ఎందుకు ప్రార్థన చేయలేదు?" అని అడగడం న్యాయమా? కాదని మేమనుకుంటాం. ఆ తల్లికి కావలసింది గద్దింపు కాదు. ఆమె పనిలోనే, ఆమె అలసటలోనే ప్రభువును జ్ఞాపకం చేసుకునే దారి చూపించాలి. అటువంటి దారి మన పక్కనే, మన పూర్వికుల సంఘాల్లోనే ఉంది.

డోర్నకల్లు పల్లెలు నేర్పిన పాఠం

ఖమ్మానికి దగ్గరలోనే ఉన్న రైల్వే జంక్షను డోర్నకల్లు. 1909లో తిరునెల్వేలి ప్రాంతం నుండి వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు అక్కడికి మిషనరీగా వచ్చారు. ఆయన మాతృభాష తమిళం. తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్యే జీవితం గడిపారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి చేరే వరకు ఆ సేవలోనే ఉన్నారు.

ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది కూలి చేసుకునే దళిత కుటుంబాలవారు. అక్షరం రానివారు. పగలంతా మోతుబరి చేలో పని. బైబిలు కొనే స్తోమత లేదు, కొన్నా చదవలేరు. వారికి ఆత్మీయ జీవితం ఎలా నేర్పాలి?

పల్లెలో కాపురముండే ఉపదేశకుడు సాయంకాలం పని ముగిసిన తరువాత జనాన్ని కూడగట్టి ప్రార్థన నడిపేవాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోటికి వచ్చేదాకా చెప్పించేవాడు. తెలుగు రాగాల్లో కీర్తనలు పాడించేవాడు. నోటికి వచ్చినదాన్ని నాటు వేస్తూ చెప్పుకోవచ్చు, బండి తోలుతూ పాడుకోవచ్చు, జొన్నలు విసురుతూ తలచుకోవచ్చు. పుస్తకం లేని మనిషికి కంఠస్థమే పుస్తకం. ఇప్పటికీ మన వార్డుల్లో చదువురాని ముసలమ్మ ఒకామె కీర్తన అందుకుంటే పక్క మంచాలవారు గొంతు కలుపుతారంటే, అది ఆ కాలపు అలవాటు ఫలమే.

ఇంకొక సంగతి కూడా గమనించండి. మురికి, రోగం, అప్పు, తాగుడు — ఈ నాలుగూ పల్లె సంఘానికి శత్రువులని అజరయ్య గారు బోధించారు. అంటే ఆయన దృష్టిలో ఆత్మీయత గుడి గోడల మధ్య ఆగిపోయేది కాదు. వాకిలి ఊడ్వడం, బిడ్డకు స్నానం చేయించడం, సారా మానడం, అప్పు జోలికి పోకపోవడం కూడా దేవుని ఎదుట బ్రతకడంలో భాగమే. సబ్బుతో చేతులు కడుక్కోమని ఆసుపత్రిలో మేము చెప్పే మాటకు, గుడిలో వినే వాక్యానికి మధ్య గోడ లేదని దీనివల్ల తెలుస్తుంది.

అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం వేరే కుండలో వేసే అలవాటు మన తెలుగు సంఘాల్లో పాతదే. విలువ చూస్తే అది కొద్దిపాటి బియ్యమే. అయినా పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఆ ఇల్లాలి చేయి కుండ దగ్గరికి వెళ్లేది, మనసు దేవుని దగ్గరికి వెళ్లేది. ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. పనే జ్ఞాపకం చేసేది.

పని మధ్యలో పుట్టిన సేవ

భద్రాచలం దాటి వెళితే గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉంది. అక్కడి పాత ఆనకట్టను మనలో చాలామంది చూసే ఉంటారు. గోదావరిలో పడవలు నడపడానికి ఆ రోజుల్లో చేపట్టిన పనులను చూస్తున్న ఇంజనీరు కెప్టెన్ హేగ్ గారు. ఆయన పాదిరి కాదు, సర్కారు ఉద్యోగి. అయినా చుట్టూ అడవిలో ఉన్న కోయ గ్రామాల గురించి ఆయనకు భారం కలిగింది. 1860లో అక్కడ మిషను సేవ మొదలవడానికి కారణం ఆయనే. ఉద్యోగం మానేసి భక్తుడు కావాలని ఆయన అనుకోలేదు. రాళ్లు, సున్నం, కూలీలు, లెక్కల మధ్య ఉండగానే కన్నులు తెరిచి చుట్టూ చూశారు.

ఇటువంటివారు వేరే దేశాల్లోనూ ఉన్నారు. 17వ శతాబ్దంలో పారిస్ పట్టణంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. మొదట సిపాయి. తరువాత 1640లో ఒక మఠంలో చేరాడు. చదువు తక్కువ కాబట్టి ఆయనకు వంటశాల పని అప్పగించారు. ఆ పని ఆయనకు స్వతహాగా ఇష్టం లేదు. అయినా గరిటె తిప్పుతున్నా, గిన్నెలు కడుగుతున్నా దేవుడు పక్కనే ఉన్నట్టు ఆయనతో మాట్లాడటం నేర్చుకున్నాడు. ముసలితనంలో చెప్పులు కుట్టే పని చేశాడు. 1691లో చనిపోయాడు. ఆయన మాటలను, ఉత్తరాలను తరువాతివారు పుస్తకంగా కూర్చారు. మూడు వందల ఏండ్లు దాటినా లోకమంతటా ఇప్పటికీ చదువుతున్నారు. వంటింట్లో పనిచేసిన మనిషి దగ్గర పండితులు కూడా పాఠం నేర్చుకుంటున్నారంటే, మన తల్లులు ధైర్యం తెచ్చుకోవచ్చు.

లేఖనాల్లో పనివారు

బైబిలులో కూడా తీరిక ఉన్నవారు తక్కువ, పని ఉన్నవారు ఎక్కువ. నెహెమ్యా రాజుగారికి ద్రాక్షారసం అందించే ఉద్యోగి. రాజు నీకేమి కావాలని అడిగినప్పుడు, జవాబు చెప్పేలోగా ఆయన పరలోకపు దేవునికి ప్రార్థించాడని రెండవ అధ్యాయంలో చదువుతాం. మోకాళ్లు వేయడానికి సమయం లేదు. ప్రశ్నకు, జవాబుకు మధ్య ఒక్క ఊపిరి అంత ప్రార్థన. దానియేలు రాజ్యభారం మోసే అధికారి. అయినా దినమునకు మూడుసార్లు ప్రార్థించే వాడుక ఆయనకుంది. ప్రాణం మీదికి వచ్చిన రోజున కూడా ఆ వాడుక తప్పలేదు. రోజూ చేసేది కాబట్టే ఆపద రోజున చేయగలిగాడు.

మార్త సంగతి కూడా సరిగా అర్థం చేసుకుందాం. లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు ఆమెను వంట చేసినందుకు తప్పుపట్టలేదు. అనేకమైన పనుల గురించి తొందరపడి, కలవరపడి, చెల్లెలి మీద ఫిర్యాదు చేసే దాకా వచ్చిన ఆమె మనసును సరిదిద్దాడు. చేతుల్లో పని ఉండవచ్చు. మనసులో కలవరం నిండిపోతేనే ప్రమాదం.

ఇంట్లో చేసుకోదగిన కొన్ని అలవాట్లు

పెద్ద తీర్మానాలు చేసుకుని వారం రోజుల్లో వదిలేయడం కన్నా చిన్నవి పట్టుకుని నిలబడటం మేలు. వీటిలో మీకు వీలైన ఒకటి రెండింటితో మొదలుపెట్టండి.

మొదటిది, లేవగానే సెల్‌ఫోను పట్టుకోకండి. మంచం దిగక ముందే రెండు నిమిషాలు దేవునికి స్తోత్రం చెప్పండి. రాత్రి ఫోనును తలగడ కింద కాకుండా వేరే గూట్లో పెడితే ఇది తేలికవుతుంది. నిద్ర కూడా బాగా పడుతుంది.

రెండవది, రోజుకొక వాక్యం. చదువు వచ్చిన పిల్లలు పొద్దున ఒక వచనం పైకి చదవాలి, ఇంట్లో అందరూ రెండుసార్లు పలకాలి. పొలానికి వెళ్లేవారు దానినే రోజంతా తలచుకోవచ్చు.

మూడవది, పనికి ప్రార్థనను ముడివేయండి. పొయ్యి వెలిగించేటప్పుడు ఇంటివారి కోసం, నీళ్లు తోడేటప్పుడు పొరుగువారి కోసం, బండి స్టార్టు చేసేటప్పుడు ఆ దినపు పని కోసం, మందుబిళ్ల వేసుకునేటప్పుడు వైద్యుల కోసం ఒక్క మాట ప్రార్థించండి.

నాలుగవది, రాత్రి కుటుంబ ప్రార్థన. పదిహేను నిమిషాలు చాలు. టీవీ ఆపి ఒక కీర్తన, కొద్దిపాటి వాక్యం, చిన్న ప్రార్థన. పిల్లలకూ, ముసలివారికీ పాట ఎన్నుకునే అవకాశం ఇవ్వండి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి గుడి తలుపులు మూతపడినప్పుడు ఈ అలవాటు ఉన్న ఇండ్లలో ఆరాధన ఆగలేదు. ఇల్లే గుడి అయింది.

ఐదవది, అప్పటికప్పుడు సమాధానపడండి. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు కోపంతో నిద్రపోతే మరునాటి ప్రార్థనకు నోరు రాదు. బీపీ ఉన్నవారికైతే కోపం, నిద్రలేమి ఒంటికి కూడా మంచివి కావు.

మంచం మీద ఉన్నవారికి

జబ్బుతో పడుకున్నప్పుడు తీరిక ఉంటుంది గాని శక్తి ఉండదు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు ప్రార్థన మీద మనసు నిలవదు. దీనిని పాపమని తలచి కుమిలిపోకండి. పొడవైన ప్రార్థన రాకపోతే ప్రభువు పేరు ఒక్కటి పిలవండి. పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మార్కు సువార్త రెండవ అధ్యాయంలో ఉంది. అతడు ఒక్క మాట ప్రార్థించినట్టు కూడా అక్కడ లేదు. తెచ్చినవారి విశ్వాసాన్ని ప్రభువు చూశాడు. మీకు చేతకాని రోజున మీ సంఘం మిమ్మల్ని మోస్తుంది. మోయించుకోవడానికి సిగ్గుపడకండి.

తోడుగా వచ్చినవారూ అలసిపోతారు. రోగి పక్కన కూర్చుని తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, జావ తాగించడం, మలమూత్రాలు ఎత్తడం దేవుని దృష్టిలో సేవే. గుడికి వెళ్లలేకపోయామే అని బాధపడనక్కరలేదు. ఆ వారం మీ ఆరాధన ఆ మంచం దగ్గరే.

భక్తి పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

ఇది ప్రతి కుటుంబం శ్రద్ధగా చదవవలసిన భాగం.

ఉపవాస ప్రార్థన మంచిదే. అయితే షుగరు వ్యాధికి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్లలు గాని వాడేవారు మందు వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. పరీక్షలో 70 కన్నా తక్కువ ఉంటే ప్రమాదమే. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని నీళ్లలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి, ఆసుపత్రికి తీసుకురండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోను చేయండి. ఉపవాసం కదా అని చెప్పి షుగరు మందు మీ అంతట మీరే మానడమూ ప్రమాదమే. శ్రమకాలం మొదలుకాకముందే వైద్యుని అడిగి తెలుసుకోండి.

గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు, క్షయ వ్యాధికి మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆహారం మానకూడదు. వారు టీవీని ఉపవాసం ఉంచవచ్చు, సెల్‌ఫోనును ఉపవాసం ఉంచవచ్చు, పరుల మీద చెప్పే మాటలను ఉపవాసం ఉంచవచ్చు. అవి అన్నం మానడం కన్నా కష్టమని ప్రయత్నించినవారికి తెలుస్తుంది.

రాత్రంతా జరిగే ప్రార్థనల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి నిద్ర తప్పినా, బిళ్ల తప్పినా ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ. మూర్ఛ మెదడుకు సంబంధించిన జబ్బు. అది దయ్యం కాదు, శాపం కాదు. అటువంటివారు వేళకు బిళ్ల వేసుకుని, ప్రార్థన చేసుకుని, నిద్రపోవాలి. అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

"ప్రార్థన చేయించుకున్నాను, బాగయింది, మందు ఆపేశాను" అనే మాట వింటే మాకు భయం వేస్తుంది. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి. కొద్ది వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. కాని క్రిములు ఇంకా లోపలే ఉంటాయి. మధ్యలో ఆపితే అవి మందుకు లొంగనివిగా మారవచ్చు, ఇంట్లో పిల్లలకూ సోకవచ్చు. బీపీ సంగతీ అంతే. బాధ ఏమీ తెలియదు గనుక బిళ్ల మానేస్తారు, ఒకరోజు పక్షవాతంతో వస్తారు. స్వస్థపరచేది దేవుడే. మందును, వైద్యుని బుద్ధిని ఇచ్చిందీ ఆయనే. ప్రతిదిన ప్రార్థన చేసే ఓపిక, ప్రతిదిన బిళ్ల వేసుకునే ఓపిక ఒక్కటే. ఒకటి నేర్చుకున్నవారికి రెండవది కష్టం కాదు.

ప్రార్థన మీద మనసే పోకపోతే

కొందరికి వారాల తరబడి ప్రార్థన మీదే కాదు, దేని మీదా మనసు పోదు. నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, ఊరకే ఏడుపు వస్తుంది, బ్రతకడం దండగ అనిపిస్తుంది. కాన్పయిన తల్లుల్లో, పంట నష్టపోయిన రైతుల్లో, దీర్ఘరోగుల్లో ఇది కనబడుతుంది. వారిని "నీకు విశ్వాసం తక్కువ" అని అనవద్దు. అది వైద్యం ఉన్న జబ్బు కావచ్చు. ఏలీయా ప్రవక్త అలసి, చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు మొదట ఆయనకు పంపింది రొట్టె, నీళ్లు. ఆ తరువాతే మాట్లాడాడు. అటువంటివారిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు ఇంట్లో అందుబాటులో ఉంచకండి, వైద్యుని దగ్గరికి తీసుకురండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రియులారా, ఆత్మీయ దృష్టి అంటే లోకాన్ని వదిలి ఎక్కడికో పోవడం కాదు. మిరప చేలో ఉన్నవారు చేలోనే, పొయ్యి దగ్గర ఉన్నవారు పొయ్యి దగ్గరే, మంచం మీద ఉన్నవారు మంచం మీదే ప్రభువు వైపు చూపు నిలుపుకోవడం. ఒక రోజు తప్పితే మరునాడు మళ్లీ మొదలుపెట్టండి. పూడిక ఏటేటా తీస్తేనే గదా కాలువ పారేది.

ఈ వారం ఇంట్లో అందరూ కూర్చుని, పైన చెప్పిన అలవాట్లలో ఒకదాన్ని ఎన్నుకోండి. అలాగే ఇంట్లో ఎవరెవరు రోజూ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించండి. రాత్రి ప్రార్థన అయిన వెంటనే ఆ కాగితం చూసి "బిళ్ల వేసుకున్నావా?" అని ఒకరినొకరు అడగండి.

ప్రభువు మీ చేతి పనిని, మీ ఇంటిని, మీ ఆరోగ్యాన్ని దీవించును గాక. ఆమేన్.